మెదడు సిరల్లో స్టెంట్: తొడ నుంచి కాకుండా చేతి నుంచి వెళ్లే దారి

తెల్లారితే తలనొప్పి. వంగి చీపురు పడితే కళ్ల ముందు ఒక్క క్షణం చీకటి. రాత్రి దిండు మీద చెవి ఆనిస్తే లోపల గుండె కొట్టుకున్నట్టు చప్పుడు. ఇంట్లో చెబితే ఒకరు గ్యాస్ అంటారు, ఇంకొకరు నజర్ తగిలిందంటారు, మరొకరు కళ్లజోడు మార్చమంటారు. నెలలు గడిచాక పక్కల నుంచి చూపు మసకబారడం మొదలవుతుంది. అప్పుడు పరుగు.

ఇవన్నీ కలిసి కనిపించే జబ్బు ఒకటుంది. తలలో నీటి ఒత్తిడి పెరగడం దాని మూలం. వైద్యులు దీన్ని ఇడియోపథిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్, పొట్టిగా ఐఐహెచ్ అంటారు. బీపీకి దీనికి సంబంధం లేదు. లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బే, కానీ వచ్చినవారిలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లు. అందులోనూ పిల్లలు కనే వయసులో ఉండి, ఈమధ్య బరువు పెరిగినవాళ్లే ఎక్కువ. కొందరికి మెదడులోని ఒక సిరలో స్టెంట్ వేయాల్సి వస్తుంది. ఆ స్టెంట్‌ను తొడ మొదట్లో, అంటే గజ్జల దగ్గర సూది గుచ్చి పంపడం పాత పద్ధతి. ఇప్పుడు కొన్ని కేంద్రాల్లో చేతి సిర నుంచి పంపుతున్నారు. పరదా పాటించే కుటుంబాలకు, నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి దూరం ప్రయాణం చేసి వైద్యం చేయించుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

అసలు తలలో ఏం జరుగుతుంది?

మెదడు చుట్టూ తేటగా ఒక నీరు ఉంటుంది. అది రోజూ ఊరుతూ, రోజూ సిరల్లోకి ఇంకిపోతూ ఉంటుంది. మెదడు నుంచి చెడు రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిరలను సైనస్‌లు అంటారు. జలుబు చేస్తే మూసుకుపోయే సైనస్ వేరు, ఇది వేరు. తల వెనుక భాగంలో కుడి ఎడమలకు అడ్డంగా వెళ్లేది ట్రాన్స్‌వర్స్ సైనస్. అక్కడి నుంచి సిగ్మాయిడ్ సైనస్, ఆ తర్వాత మెడలోని జుగులర్ సిర, ఆపైన గుండె.

కేసీ కెనాల్ కింద సేద్యం చేసే రైతుకు ఇది చెప్పాల్సిన పని లేదు. కింద తూము దగ్గర పూడిక పడితే పైన నీళ్లు నిలిచిపోతాయి. ట్రాన్స్‌వర్స్ సైనస్ సన్నబడితే పైన సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. సిరల్లో ఒత్తిడి పెరిగితే మెదడు నీరు అందులోకి ఇంకదు. నీరు నిలిస్తే తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి మళ్లీ సిరను బయటి నుంచి నొక్కి ఇంకా సన్నగా చేస్తుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే చక్రం ఇది. స్టెంట్ చేసే పని ఈ చక్రాన్ని తెంచడమే.

కంటికి ప్రమాదం ఎందుకంటే, కంటి నరం చుట్టూ ఉన్న పొరలోనూ ఇదే నీరు ఉంటుంది. ఒత్తిడి పెరిగితే కంటి వెనుక నరం మొదలు ఉబ్బుతుంది. దీన్నే పాపిలీడిమా అంటారు. ఎక్కువ కాలం అలాగే ఉంటే నరం ఎండిపోతుంది. పోయిన చూపు మళ్లీ రాదు.

మొదటి పరీక్ష కంటి డాక్టర్ దగ్గరే

ఈ జబ్బు పట్టుకోవడానికి మొదట పెద్ద ఊరు వెళ్లాల్సిన పని లేదు. చుక్కల మందు వేసి కంటి వెనుక భాగం చూసే పరీక్ష నంద్యాలలోని కంటి డాక్టర్ కూడా చేయగలరు. అద్దాల నంబర్ చూసి పంపేస్తే సరిపోదు. "కంటి వెనుక నరం చూడండి డాక్టర్ గారూ" అని అడిగి చేయించుకోవాలి. నరం వాచిందని తేలితే ఆలస్యం చేయకూడదు.

ఆ తర్వాత వరుసగా మూడు పనులు. ఒకటి, మెదడు ఎంఆర్ఐ. గడ్డ ఏదీ లేదని చూడటానికి. రెండు, సిరలను చూపే ఎంఆర్ వీనోగ్రామ్. మూడు, నడుము దగ్గర సన్నని సూదితో నీరు తీసి ఒత్తిడి కొలవడం. పెద్దవాళ్లలో ఈ ఒత్తిడి 25 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే ఎక్కువ అని లెక్క. "నడుములో సూది వేస్తే కాళ్లు పడిపోతాయి" అనే భయం మన దగ్గర ఎక్కువ. వెన్నుపాము ఆగిపోయిన చోటు కంటే కిందే సూది వేస్తారు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. ఒకట్రెండు రోజులు తలనొప్పి, నడుము నొప్పి రావచ్చు.

వీనోగ్రామ్ ఎందుకు తప్పనిసరి అంటే, సిరలో రక్తం గడ్డకట్టినా ఇవే లక్షణాలు వస్తాయి. అది వేరే జబ్బు. దానికి ముందు చేయాల్సింది రక్తం పలచబడే మందులు, స్టెంట్ కాదు. కాన్పు తర్వాతి వారాల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. రంజాన్‌లో ఒక్క రోజా కూడా తప్పకూడదని, హజ్, ఉమ్రాలో ఇబ్బంది ఉండకూడదని నెలసరి ఆపే మాత్రలు మెడికల్ షాపులో అడిగి వాడేవారున్నారు. ఆ మాత్రలతో పాటు ఒంట్లో నీరు తగ్గితే సిరల్లో గడ్డకట్టే ప్రమాదం ఉందని ఇరాన్ వైద్యులు తమ రోగులను చూసి రాశారు. ఆడ డాక్టర్‌ను అడగకుండా ఈ మాత్రలు వేసుకోవద్దు. నెలసరిలో తప్పిన రోజాలకు ఖజా ఉంది. పోయిన చూపుకు ఖజా లేదు.

మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ వంటి మందులు, మోతాదు మించిన విటమిన్ ఏ కూడా తలలో ఒత్తిడి పెంచగలవు. వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి.

స్టెంట్ అందరికీ కాదు

ఇది గట్టిగా గుర్తుంచుకోవాల్సిన మాట. ఐఐహెచ్ అని రాసిన ప్రతి చీటీకి స్టెంట్ అక్కర్లేదు. బరువు తగ్గడం, అసిటజోలమైడ్ మాత్రలు మొదటి వైద్యం. అమెరికాలో 165 మందిపై చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, బరువు తగ్గే ఆహారంతో పాటు ఈ మాత్ర వాడినవారి చూపు, ఉత్తుత్తి మాత్ర వాడినవారి కంటే మెరుగుపడింది. ఈ మాత్రతో వేళ్లు తిమ్మిర్లెక్కడం, సోడా తాగితే రుచి తేడాగా ఉండటం మామూలే. కిడ్నీలో రాళ్లు ఉన్నవారు, సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. ఇది మూత్రం ఎక్కువ పోయించే మాత్ర. నంద్యాల ఎండల్లో రోజా ఉంటూ దీన్ని వాడాలంటే మోతాదు, వేళలు డాక్టర్‌తో మాట్లాడుకునే పెట్టుకోవాలి.

మందులు పని చేయకపోయినా, పడకపోయినా, చూపు తగ్గుతూ పోయినా తర్వాతి మెట్టు. అప్పుడు మూడు దారులు. కంటి నరం పొరకు చిన్న రంధ్రం చేయడం ఒకటి. తల నుంచి గానీ నడుము నుంచి గానీ పొట్టలోకి గొట్టం వేసే షంట్ రెండోది. సిర సన్నబడినట్టు రుజువైతే స్టెంట్ మూడోది. మెదడు సిరలో ఈ జబ్బుకు స్టెంట్ వేసిన తొలి నివేదిక 2002లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. దాని వెనుక డాక్టర్ నికొలస్ హిగ్గిన్స్ బృందం ఉంది.

స్టెంట్‌కు ముందు సిర లోపలికి సన్నని గొట్టం పంపి, సన్నబడిన చోటుకు పైన, కింద ఒత్తిడి కొలుస్తారు. తేడా 8 మిల్లీమీటర్ల పాదరసం, అంతకు మించి ఉంటే స్టెంట్ వల్ల లాభం ఉంటుందని చాలా కేంద్రాలు లెక్కలోకి తీసుకుంటాయి. మత్తు ఇస్తే ఈ ఒత్తిళ్లు మారిపోతాయి. అందుకే కొలిచేటప్పుడు రోగిని మెలకువగానే ఉంచడానికి చూస్తారు. స్టెంట్ వేసేటప్పుడు పూర్తి మత్తు ఇవ్వడం మామూలు. "సిర సన్నగా ఉంది" అని స్కాన్ చూసి చెప్పడం ఒక ఎత్తు, "ఒత్తిడి తేడా ఇంత" అని కొలిచి చెప్పడం ఇంకో ఎత్తు. ఆ అంకె ఎంత అని అడిగే హక్కు కుటుంబానికి ఉంది.

చేతి దారి కొత్తది కాదు

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే ఊరి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టర్ తన ఎడమ మోచేతి సిరలోంచి సన్నని గొట్టాన్ని తన గుండె దాకా తానే పంపుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫొటో తీయించుకున్నారు. ఆనాడు అందరూ తప్పుబట్టారు. 1956లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే చేతి సిర దారి వంద ఏళ్ల నాటిది.

నంద్యాలలో ఇప్పుడు ఎవరికి గుండె యాంజియోగ్రామ్ చేసినా "చేతి నుంచా, కాలి నుంచా?" అని అడగడం మామూలైంది. 1989లో మాంట్రియల్‌లో లూసియన్ కాంపో మణికట్టు ధమని నుంచి గుండె యాంజియోగ్రామ్ చేయడం గురించి రాశారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమనై అదే దారిలో గుండెకు యాంజియోప్లాస్టీ మొదలుపెట్టారు. తర్వాత మెదడు వైద్యులు కూడా చేతి వైపు చూశారు.

ఇక్కడ ఒక తేడా. మనం వాడుకలో అన్నింటినీ "నరం" అంటాం. గుండె యాంజియోగ్రామ్‌కు మణికట్టు దగ్గర గుచ్చేది ధమని. అందులో మంచి రక్తం జోరుగా పారుతుంది. మెదడు సిర స్టెంట్‌కు మోచేతి పైన గుచ్చేది సిర. అందులో ఒత్తిడి తక్కువ, గొట్టం తీశాక కాసేపు నొక్కిపెడితే రక్తం ఆగుతుంది. రంగు మందు పంపి బొమ్మ చూడటానికి కొందరు డాక్టర్లు మణికట్టు ధమనిలోనూ ఇంకో సన్నని గొట్టం పెడతారు. అప్పుడు చేతికి రెండు గాట్లు ఉంటాయి.

ప్రొసీజర్ ఎలా సాగుతుంది?

ముందు చేతికి పట్టీ కట్టి అల్ట్రాసౌండ్‌తో సిర మందం కొలుస్తారు. మోచేతి పైన లోపలి వైపు వెళ్లే బేసిలిక్ సిర మొదటి ఎంపిక. అది కాస్త పెద్దది, తిన్నగా పైకి వెళ్తుంది. బయటి వైపు ఉండే సెఫాలిక్ సిర భుజం దగ్గర ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది కాబట్టి అక్కడ గొట్టం ఇరుక్కోవచ్చు.

చోటు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూది గుచ్చుతారు. దాని లోంచి తీగ, తీగ మీదుగా షీత్ అనే గొట్టం. గొట్టాల సైజును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. 3 ఫ్రెంచ్ అంటే 1 మిల్లీమీటర్. 6 ఫ్రెంచ్ క్యాథెటర్ బయటి మందం 2 మిల్లీమీటర్లు. సిర ఇంతకంటే సన్నగా ఉంటే పని జరగదు.

అక్కడి నుంచి గొట్టం చంక, భుజం సిరల మీదుగా ఛాతీ పైభాగానికి చేరుతుంది. ఇక్కడే అసలు కష్టం. తొడ నుంచి వచ్చే గొట్టం తిన్నగా మెడలోకి ఎక్కుతుంది. చేతి నుంచి వచ్చే గొట్టం ఛాతీ దగ్గర మడత తిరిగి పైకి, మెడలోని జుగులర్ సిరలోకి వెళ్లాలి. పైగా ఆ సిర మొదట్లో కవాటం ఉంటుంది. అది దాటాక మెడ, పుర్రె అడుగు, సిగ్మాయిడ్ సైనస్, చివరికి ట్రాన్స్‌వర్స్ సైనస్. స్టెంట్ దానంతట అదే విచ్చుకునే లోహపు జాలీ. మెడ ధమనుల కోసం తయారైన స్టెంట్లను ఈ పనికి వాడటం ఎక్కువ.

లాభాలు ఏమిటి?

గజ్జల దగ్గర బట్టలు తొలగించడం, వెంట్రుకలు తీయడం, తర్వాత అక్కడ నొక్కిపెట్టడం ఉండవు. చాలామంది ఆడవాళ్లు పైకి చెప్పకపోయినా ఈ ఒక్క కారణంతో "తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేస్తారు. ఆ వాయిదాలోనే చూపు పోతుంది.

గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. లేచి కూర్చోవచ్చు, తోడుతో బాత్రూమ్‌కు నడిచి వెళ్లవచ్చు.

బరువు ఎక్కువ ఉన్నవారికి గజ్జల మడతల్లో సిర దొరకడం కష్టం, గాటు దగ్గర చెమటకు ఇన్ఫెక్షన్ రావచ్చు. ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా బరువు ఉన్నవారికే. రక్తం పలచబడే మందుల మీద ఉన్నవారికి తొడ దగ్గర లోపల రక్తం చేరితే వెంటనే కనిపించదు. చేతిలో అయితే వాపు కంటికి కనబడుతుంది, చేత్తో నొక్కిపెట్టవచ్చు.

పరిమితులు, ప్రమాదాలు

సిర బిగుసుకుపోవచ్చు, దాంతో గొట్టం ముందుకు వెళ్లదు. గాటు దగ్గర రక్తం చేరవచ్చు. చేతి సిరలో గడ్డ కట్టవచ్చు. పక్కనే ఉండే నరాలు, ధమని దెబ్బ తినే అవకాశం కొద్దిగా ఉంటుంది.

డయాలసిస్ కోసం ఫిస్టులా ఉన్న చేతిని ముట్టుకోకూడదు. కిడ్నీ జబ్బు ముదురుతున్నవారి చేతి సిరలను రేపటి డయాలసిస్ కోసం కాపాడాలి. రొమ్ము క్యాన్సర్‌కు చంకలో గడ్డలు తీసిన వైపు చేయి కూడా వద్దు. పాత సెలైన్లతో సిరలు గట్టిపడి ఉంటే ముందే చెప్పాలి.

చేతి నుంచి మొదలుపెట్టి వీలు కాక తొడకు మారాల్సి రావచ్చు. అందుకే సంతకం పెట్టే కాగితంలో రెండు దారులూ రాసి ఉంటాయి. అది మోసం కాదు, జాగ్రత్త. ఆ మాట రోగికి ముందే చెప్పి ఒప్పించాలి, మత్తు దిగాక చెప్పడం మంచిది కాదు.

ఇక స్టెంట్‌కు ఉన్న ప్రమాదాలు ఏ దారిలో వెళ్లినా ఒకటే. తలలో రక్తస్రావం, స్టెంట్‌లో గడ్డకట్టడం, స్టెంట్ పక్కన సిర మళ్లీ సన్నబడటం. ఇవి తరచుగా జరగవు, కానీ జరిగితే పెద్దవి. స్టెంట్ వేసిన వైపు తలనొప్పి కొన్ని రోజులు ఉండటం మాత్రం మామూలే.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్నలు

వజూ సంగతి: గాటు మీద పట్టీ ఉన్నంతసేపు తడపొద్దని డాక్టర్లు చెబుతారు. పట్టీ మీద తడి చేత్తో మసహ్ చేసే వెసులుబాటు ఫిఖ్‌లో ఉంది. వివరం మీ మసీదు ఇమామ్‌ను అడగండి. మొదటి కొన్ని రోజులు ఆ చేతి మీద బరువు వేసి సజ్దా నుంచి లేవడం కంటే కుర్చీలో నమాజ్ మేలు.

హెపారిన్ సంగతి: ప్రొసీజర్‌లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది ఎక్కువగా పంది పేగుల పొర నుంచి తయారవుతుంది. ప్రాణం, అవయవం కాపాడుకోవాల్సిన అవసరంలో, వేరే మందు లేనప్పుడు ఉలమాలు చాలామంది దీన్ని అనుమతించారు. మనసులో సందేహం ఉంటే ఆలిమ్‌ను, డాక్టర్‌ను ముందే అడగాలి. టేబుల్ మీద పడుకున్నాక కాదు.

ఆడ సిబ్బంది సంగతి: క్యాథ్‌ల్యాబ్‌లో డాక్టర్ మగవారే కావచ్చు. కానీ సిద్ధం చేసేటప్పుడు ఆడ నర్సు ఉండాలని, అవసరమైనంత మేరకే బట్ట తొలగించాలని అడగవచ్చు. ఇది రోగి హక్కు, బతిమాలుకోవడం కాదు. గర్భం అనుమానం ఉంటే ఎక్స్‌రే కిరణాలు, మందుల దృష్ట్యా సిగ్గుపడకుండా ముందే చెప్పాలి.

నంద్యాల నుంచి ఎటు వెళ్లాలి?

ఆళ్లగడ్డ వారికి దగ్గర పట్నం నంద్యాల. కర్నూలు నుంచి కడప వెళ్లే 40వ నంబర్ జాతీయ రహదారి మీదే రెండూ ఉన్నాయి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, శాంతిరామ్ మెడికల్ కాలేజీ కూడా ఉంది. కంటి పరీక్ష, స్కాన్‌ల వరకు ఇక్కడే చూసుకోవచ్చు. తర్వాత కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కర్నూలులోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి. స్టెంట్ మాత్రం మెదడు రక్తనాళాల ప్రత్యేక వైద్యులు, క్యాథ్‌ల్యాబ్, న్యూరో సర్జన్ ఒకే చోట ఉన్న పెద్ద కేంద్రంలోనే చేయించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థలు ఆ కోవలోవి.

వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా తీసుకెళ్లాలి. కంటి ఫీల్డ్ పరీక్ష, నడుము నీటి ఒత్తిడి అంకె, వాడుతున్న మందుల చీటీ ఒకే ఫైల్‌లో పెట్టాలి.

ఖర్చు విషయంలో అంచనా కాగితం మీద రాయించుకోవాలి. స్టెంట్ ధర, గొట్టాలు తీగల ధర, క్యాథ్‌ల్యాబ్, మత్తు, ఐసీయూ, మందులు వేర్వేరుగా ఉండాలి. స్టెంట్ ప్యాకెట్ మీది స్టిక్కర్ కేస్ షీట్‌లో, డిశ్చార్జ్ కాగితంలో అతికించారో లేదో చూడాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు ప్రొసీజర్ పేరు జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా అని చేరకముందే ఆసుపత్రిలోని మిత్ర కౌంటర్‌లో అడగాలి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టాలంటే ఒరిజినల్ బిల్లులు కావాలి, ఒక్కటీ పారేయొద్దు. బంగారం కుదవ పెట్టే ముందు ఈ మూడు తలుపులూ తట్టి చూడాలి.

డాక్టర్‌ను అడగాల్సిన ఐదు మాటలు

1. కంటి నరం వాపు ఎంత? చూపు ఎంత వేగంగా తగ్గుతోంది?
2. సిరలో ఒత్తిడి తేడా కొలిచారా? అంకె ఎంత?
3. చేతి సిర సరిపోతుందా? వీలు కాకపోతే ఏం చేస్తారు?
4. చేతి దారిలో మీరు ఎన్ని చేశారు?
5. స్టెంట్ తర్వాత కూడా చూపు తగ్గితే తర్వాతి మెట్టు ఏమిటి?

ఇంటికి వచ్చాక

స్టెంట్‌కు కొన్ని రోజుల ముందే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మొదలుపెడతారు. తర్వాత కూడా రెండూ నెలల పాటు వాడాలి, ఎన్ని నెలలో డాక్టర్ చెబుతారు. పన్ను పీకించుకోవాలన్నా, రంజాన్ వచ్చినా వీటిని సొంతంగా ఆపొద్దు. రోజుకు ఒకసారి వేసే మాత్రను ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకునే వీలుందా అని అడిగితే సరిపోతుంది.

చేయి వాచినా, నల్లబడినా, జ్వరం వచ్చినా, గాటు నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే చూపించాలి. ఎన్నడూ లేనంత తలనొప్పి, ఫిట్స్, మూతి వంకర పోవడం, కాలుచేయి లాగడం, ఒక్కసారిగా చూపు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారే వరకు ఆగొద్దు. 108కి ఫోన్ చేయాలి.

తలనొప్పి తగ్గిందని కంటి పరీక్షలు మానేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. నొప్పి లేకపోయినా నరం వాపు ఉండొచ్చు. బరువు మళ్లీ పెరిగితే జబ్బు మళ్లీ రావచ్చు. కోడలికి తెల్లారితే తలనొప్పి అంటే కాఫీ ఇచ్చి పడుకోబెట్టడం కాదు, ఆ వారంలోనే కంటి వెనుక నరం చూపించాలి. దువా చేసే చేతులే ఆమెను బస్సు కూడా ఎక్కించాలి.